పనికిరాని కోడ్

ఇంట్లో ఆవిడ కోడలు. ఆసుపత్రి మెట్ల కింది గదిలో ఆవిడ పని కోడ్‌లు. అందుకే జుట్టు నెరుస్తున్నా తోటివాళ్లకు ఆవిడ కోడలుపిల్లే. డాక్టర్లు రాసిన రోగాలను అంకెలుగా మార్చి కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆవిడ ఉద్యోగం. ఇన్నేళ్లలో ఎన్ని గుండెలు చూసిందో లెక్కలేదు గానీ, ఒక్క మనిషి మొహమూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఒక క్రేన్ డ్రైవర్ కేసు తెర మీదికొచ్చింది. ఉదయం బస్టాండులో కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు. నిద్ర లేదు, గుండె దడ. పరీక్షలన్నీ బాగున్నాయి. డాక్టరు ‘కారణం తెలియదు’ అని రాసి, నెలకు సరిపడా నిద్రమాత్రలిచ్చి ఇంటికి పంపమన్నాడు. కోడలుపిల్ల దడకొక అంకె తగిలించి పేజీ కిందికి జరిపింది. అక్కడ నర్సు రాసింది కనిపించింది: ‘షెడ్డు మూతపడి ఉద్యోగం పోయిందట. ఇంట్లో తెలియదు. రోజూ యూనిఫాం వేసుకుని బయల్దేరి బస్టాండులో కూర్చుంటున్నాడు. మాత్రలన్నీ ఒకేసారి ఇస్తారా అని రెండుసార్లు అడిగాడు.’

దడ ఇప్పుడు ఆవిడకు పట్టుకుంది.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఆపరేషన్‌లో ఉన్నాడన్నారు. వార్డు ఫోనెవరూ ఎత్తలేదు.

“బాబాయ్, పని పోయినవాళ్లకి ఒక కోడ్ ఉందిగా?” పక్క కుర్చీలోని పెద్దాయన్ని అడిగింది.

“ఉంది. అదీ పాపం నిరుద్యోగే, దానికెవరూ పని చెప్పరు. బిల్లుకి పనికిరాదమ్మా, వదిలెయ్.”

“నర్సు రాసినదాన్ని బట్టి వెయ్యొచ్చా?”

“జబ్బయితే డాక్టరే రాయాలి. ఇలాంటివాటికి నర్సు మాట చాలు. కానీ వేస్తే కేసు ఆగిపోద్ది. మనసులో మాట వినే ఆసుపత్రి కౌన్సెలర్ వచ్చి మాట్లాడేదాకా మందులివ్వరు.”

“అదే కావాలి నాకు,” అని వేసేసింది.

తెర ఎర్రబడింది: ‘కేసు నిలిపివేయబడింది.’ హమ్మయ్య అనుకునేలోపే కింద ఇంకో వాక్యం వెలిగింది: ‘రోగికిచ్చే కాగితం కౌంటర్‌కు పంపబడింది.’ మిగతా కోడ్‌లన్నీ ఆ కాగితం మీద అంకెలుగానే ఉంటాయి. ఇదొక్కటి మాత్రం ‘ఉద్యోగం పోయింది’ అని మాటల్లోనే అచ్చవుతుంది. ఎవరూ వాడని కోడ్ కదా, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

“కొంప ముంచావే కోడలుపిల్లా! కాగితం తీసుకునేది ఆయన భార్యేమో!”

ఆవిడ మెట్ల మీద పరుగు లంకించుకుంది. కాలి చెప్పొకటి మధ్యలోనే రాజీనామా ఇచ్చింది.

కౌంటర్ దగ్గర ఒకామె సంచి భుజాన వేసుకుని అప్పుడే చెయ్యి చాపుతోంది. కోడలుపిల్ల కాగితం లాక్కుంది.

“అయ్యో, ఏంటండీ ఇది? మా ఆయనకేమైనా పెద్ద జబ్బా?”

“కాదమ్మా. ఆయన్నొకమాట అడగాలి. ఒక్క నిమిషం.”

గోడవార బెంచీ మీద, యూనిఫాంలో, ఒళ్లో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉన్నాడాయన. కోడలుపిల్ల కాగితం చేతికివ్వగానే చదివి లేచాడు. చెప్పు లేని ఆవిడా, చెప్పలేని ఆయనా ఎదురెదురుగా నిలబడ్డారు.

“ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?” గొంతు తగ్గించి అడిగాడు.

“ఎవరూ అనలేదు. నేనే వేశాను.”

“ఎంత బరువైనా ఎత్తినోణ్ని. నా పరువు మీరు కింద పడేశారు.” కాగితాన్ని భార్యకు కనబడకుండా తిప్పి పట్టుకున్నాడు. “మాత్రలేవి?”

“ఇవ్వరన్నా. ఇవాళ ఇవ్వరు.”

ఆయన కళ్లు తలుపు వైపు వెళ్లాయి. ఆవిడ దారికి అడ్డం తొలగలేదు.

“అన్నా, దించడం కూడా క్రేన్ పనేగా. ఇన్నాళ్లు ఎత్తి పట్టుకున్నారు. దించండి.”

“ఏం దించడం? ఏం మాత్రలు? ఎవరో ఒకరు నాతో చెప్పండి!” వెనక నుంచి భార్య వచ్చేసింది.

ఆయన డబ్బా వైపు చూశాడు. కాగితాన్ని మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. కూలబడ్డట్టు కూర్చుని పక్కన చోటు చూపించాడు.

“కూర్చో. షెడ్డు మూసేశారు. ఎప్పుడో మూసేశారు.”

ఆమె కూర్చుంది. డబ్బా అందుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

“మరి రోజూ ఇది ఎక్కడ తింటున్నారు?”

“బస్టాండులో.”

“ఒక్కరేనా?”

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. అవతల నుంచి కౌన్సెలర్ గబగబా వస్తుంటే, కోడలుపిల్ల కాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.