గాజులమ్మ చూసిన మెరుపు

మూడోసారి నీళ్లు పారబోసి, గాజులమ్మ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపలి గోడ మీద నీళ్లు పలుచని పొరలా పరుచుకుని జారిపోతే సీసా శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్కగా ఆగిందా, ఇంకా జిడ్డు వదల్లేదన్నమాట. ఒకచోట ఆగింది. ఆమె బ్రష్ అందుకుని మళ్లీ మొదలుపెట్టింది.

పరిశోధనశాలలో గాజుసామాను కడిగే పని ఆమెది. పేరు అలా వచ్చిందే. కొత్తగా చేరినవాళ్లు ముందు ఆమె చేతుల వంక చూసి, బోసి మణికట్లు కనబడితే తెల్లమొహం వేసేవారు. “నావి తొడుక్కునే గాజులు కావు నాయనా, తోముకునేవి” అనేది. పొట్టి మనిషి, కనురెప్పలదాకా నెరిసింది. ఎప్పుడూ నాని, పాలిపోయిన వేలికొసలు. కొంతకాలంగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మధ్యలో ఆగి, గోడ మీద సున్నం పెచ్చు చూస్తున్నట్టు నటించి, మళ్లీ ఎక్కేది.

ఆ గది ఆమెకు ప్రాణం. ఒక మూల మరిగే నీళ్ల ఆవిరి, మరో మూల సీసాలు ఆరబెట్టే ఓవెన్ వేడి, గాజుకు గాజు తగిలిన చప్పుడు. అంతకుమించి ఏ అలికిడీ ఉండదు. పని అడగడానికి వచ్చిన మొదటిరోజు ఆమె జీతం సంగతి ఎత్తనేలేదు. ఇక్కడికి పసిపిల్లల్ని ఎవరైనా తీసుకొస్తారా అని మాత్రం అడిగింది. తీసుకురారని చెప్పారు. చేరిపోయింది. ఎందుకు అడిగావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం వాడిన గాజుపళ్లేలు తెచ్చుకోవడానికి సూక్ష్మదర్శిని గదికి వెళ్లింది. కిటికీ తెరలు దించి ఉన్నాయి. అక్కడ పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. వారాల తరబడి ఆ అమ్మాయి ప్రయోగం మొండికేసిందనీ, తిండి కూడా సరిగ్గా తినడం లేదనీ అందరికీ తెలుసు. అందుకే గాజులమ్మ పిల్లిలా నడిచింది.

“గాజులమ్మా, ఇలా రండి. ఇన్నేళ్లుగా మా పళ్లేలు కడుగుతున్నారు కదా, వాటిలో ఏముంటాయో ఎప్పుడైనా చూశారా?”

“చూస్తే నాకేం తెలుస్తుందమ్మా.”

“తెలియక్కర్లేదు. ఇవాళ నాకు పక్కన ఒక మనిషి కావాలి.”

గాజులమ్మ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగింది. నల్లటి చీకటి. కాస్త అలవాటుపడ్డాక, పొగతో గీసినట్టు ఏవో పొడుగాటి ఆకారాలు. అవి పాలిచ్చే తల్లి రొమ్ములో ఉండే కణాలని డాక్టరమ్మ చెప్పింది. పాలతిత్తుల చుట్టూ చేతివేళ్లలా అల్లుకుని ఉంటాయట. బిడ్డ ఏడుపు చెవిన పడగానే మెదడు ఒక చిన్న పదార్థాన్ని నెత్తురులోకి వదులుతుందట. అది కణం లోపలికి పోదు. కణం పైపొర మీద దానికోసమే అమరిన గ్రాహకాలుంటాయి, వాటిమీద వాలుతుంది, అంతే. కబురు లోపలికి చేరవేసేవి వేరే ఉన్నాయి. లోపలి గదుల్లో కణం కాల్షియాన్ని గడియవేసి దాచుకుంటుంది. కబురు అందగానే తలుపులు తెరుచుకుంటాయి, కాల్షియం వెల్లువెత్తుతుంది, కణం బిగుసుకుని పాలతిత్తిని పిండుతుంది. కాల్షియం తగిలితే వెలిగే రంగొకటి ముందే ఎక్కించి పెట్టిందట.

“ఇప్పుడు ఆ కబురు పంపుతున్నాను. కదలకండి” అని ఒక చుక్క వదిలింది.

ఏమీ కాలేదు. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టడం గాజులమ్మకు వినిపించింది. అంతలో ఒక అంచున ఒకటి వెలిగింది. దాని పక్కది. ఇటువైపు మూడు. చూస్తుండగానే చీకటంతా పచ్చటి వెలుగు పొంగి, ఒక కొసనుంచి మరో కొసకు పాకి, మెల్లగా తగ్గి, మళ్లీ పొంగింది. అమావాస్య ఆకాశంలో చుక్కలన్నీ ఒక్కపిలుపుకు లేచి కూర్చున్నట్టుంది. పక్కనున్న కంప్యూటర్ తెర మీద అదే చూస్తూ డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గాజులమ్మ తల ఎత్తలేదు. ఆమెకు నెల తిరగకుండానే పోయిన బిడ్డ గుర్తొచ్చింది. బిడ్డ పోయాక కూడా గోడవతల పొరుగింటి పసివాడు ఏడ్చినప్పుడల్లా ఆమె రొమ్ములు చేపేవి, రవిక తడిసేది. కడుపుకోతకు కన్నీళ్లు రావాలి గానీ పరాయి బిడ్డకు పాలు రావడమేమిటని తన ఒంటిని తానే అసహ్యించుకుంది. సిగ్గులేని ఒళ్లనుకుంది. ఆ తరువాత ఏ పసిపిల్ల దగ్గరికీ పోలేదు.

“ఏ బిడ్డ ఏడ్చిందో వీటికి తెలుస్తుందా అమ్మా?”

“తెలియదు.”

“తన బిడ్డ లేకపోయినా?”

డాక్టరమ్మ ఆమె వీపు వంక చూసింది. గొంతు తగ్గించి, “ఉందో లేదో వీటికి ఎవరు చెబుతారమ్మా? పిలిస్తే పలుకుతాయి, అంతే” అంది.

గాజులమ్మ చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది. తరువాత వాడిన పళ్లేలు తీసుకుని వెళ్లి, మిగిలిన పని పూర్తిచేసింది.

ఇంట్లో భర్త కుట్టుమిషన్ దగ్గర సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఊరందరికీ కుట్టిపెట్టే దర్జీ. ఆమె పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుని, చూసినదంతా చెప్పింది. ఆ వెలుగు గురించి చెప్పేటప్పుడు చేతులు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఆపైన, ఇన్నేళ్లు దాచినది కూడా చెప్పేసింది.

అతను దారం ఎక్కించడం ఆపలేదు.

“నాకు తెలుసు. నీ రవికలకు ముందువైపు రెండో గుడ్డ వేసింది అందుకే.”

“మిగులు గుడ్డ, పారేయలేక వేశానన్నారుగా.”

“మరేమనమంటావు?”

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. పడుకునే ముందు తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, అలిసిపోయిన ఒంటికి తాను ఎన్నడూ అననిది, “నీ తప్పేం లేదే” అంది. అతనికి వినిపించింది.

తెల్లారి అతను కాఫీ కలిపి పిలిచాడు. ఆమె లేవలేదు. నిద్రలోనే పోయింది.

ఆ కబురు పరిశోధనశాలకు చేరేసరికి డాక్టరమ్మ తెరలు దించి, పని మొదలుపెట్టబోతోంది. సూక్ష్మదర్శినిలోకి వంగిన మనిషి ఆగిపోయింది. కంటికి ఆనించుకునే గాజు మీద ఎండిపోయిన చుక్క మరక ఒకటి, అందులో అతుక్కుపోయి ఒక తెల్లటి కనురెప్ప వెంట్రుక.