సగం పొట్లం

పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. బ్యాటరీల్లోని సీసం ఒంటికెక్కి చిన్నావిడ కుడి మణికట్టు నెలరోజులుగా వేలాడిపోతోంది. సుత్తి జారడం మేస్త్రీ కంట పడితే పని పోయినట్టే.

ఎలుకల ఒంట్లో సీసాన్ని తగ్గించిన మందు ఒకటుంది. అది మనుషులకు పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక డాక్టరు ఆ షెడ్డులో వీళ్ళిద్దరితో కలిపి పన్నెండుమందిని ఎంచుకున్నాడు. ఆరుగురికి మందు, ఆరుగురికి అదే రంగు పిండి. ఎవరి పొట్లంలో ఏముందో చెప్పరు.

"ఎలుకలకి నయమైందట అక్కా."

"మనకీ అవుతుందిలే. ఉండేది బొరియలోనేగా!"

మూడోరోజే ఇద్దరూ ఒకరి పొడి ఒకరు నాలిక్కి రాసుకుని చూశారు. పెద్దావిడది కటిక చేదు. చిన్నావిడది ఉత్త చప్పన.

"నీ నోట్లో మట్టి కొట్టాడే డాక్టరు," అంటూ పెద్దావిడ తన పొడిలో సగం తోడికోడలి అరచేతిలో ఒంపింది. ఆ ఇంట్లో ఏదొచ్చినా చెరిసగమే. ఆ రోజునుంచీ పొట్లమూ అంతే అయింది.

నెల తిరిగేసరికి వేలాడే చెయ్యి కాస్త లేచింది. అప్పుడే డాక్టరు ఇద్దర్నీ పిలిపించాడు.

"నీకిచ్చింది పిండి. నీ మూత్రంలో మందెలా వచ్చింది?" అని చిన్నావిడను అడిగాడు. ఆమె అక్క వైపు చూసింది.

డాక్టరు పెద్దావిడ వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది.

"మీరిచ్చి ఉంటే ఇద్దర్నీ ఈ పరీక్షలోంచి తీసెయ్యాలమ్మా. ఆవిడే దొంగిలించి ఉంటే మీ తప్పు లేదు. మందు మీకు వస్తూనే ఉంటుంది. ఉన్నదే పన్నెండుమంది. ఇద్దరు పోతే నాకూ కష్టమే."

పెద్దావిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నేనివ్వలేదు సార్. దానికి మొదట్నుంచీ చేతివాటం."

"అక్కా!"

"అక్కేంటే? దొరికాక వరసలు గుర్తొచ్చాయా?"

డాక్టరు కాగితం మీద ఒక అంకె కొట్టేశాడు.

"మరి నా చెయ్యి?" అంది చిన్నావిడ.

"ఆస్పత్రిలో చూపించుకో. మిగిలిన పొట్లాలు ఇచ్చేసి వెళ్ళు." పెద్దావిడ ముందుకు కొత్త పొట్లం జరిపాడు. "ఇకనుంచి నా కళ్ళముందే వేసుకోవాలి. ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి."

కుండ పక్కన ఉన్నది చిన్నావిడే. గ్లాసు ముంచి, రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. కుడిచెయ్యి కిందికి ఒరిగింది. నీళ్ళు పెద్దావిడ ఒళ్ళో పడ్డాయి.

"తిన్నగా పట్టుకోవే," అని పెద్దావిడ పొడంతా నోట్లో ఒంపుకుంది.