తప్పిన దరువు

కృష్ణకుమారి వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు పిండి తనాబే గారి గడ్డానికి అద్దింది. నురగ రాసి రేజర్ అందుకుంది. పక్షవాతంతో జారిపోయిన ఎడమ చెంపను రెండు వేళ్ళతో సాగదీసి పట్టుకుంటేగాని తెగకుండా గీయడం కుదరదు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోని ఈ ఆరు మంచాల కేర్ హోమ్‌లో పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. మోకాళ్ళు అరిగిపోయాయి. ఎవరికి ఏ మాత్ర ఎప్పుడివ్వాలో, ఎవరికి ముద్ద గొంతు దిగదో కాగితం చూడకుండా చెప్పగలదు.

తనాబే గారి కుడిచేయి మాత్రం ఊరుకోదు. మంచం కమ్మీ మీద దరువు వేస్తూనే ఉంటుంది. ఏడు దెబ్బలు సరిగ్గా పడతాయి. ఎనిమిదోది వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. పడగానే ఆయన మొహం ముడుచుకుంటుంది.

"మై మిస్టేక్," అంటారు.

రెండేళ్ళలో ముక్కలు ముక్కలుగా ఆమెకు తెలిసిన కథ ఇంతే. 1981లో టోక్యోలో నలుగురు కుర్రాళ్ళు సింథసైజర్లతో ఒక ఆల్బమ్ చేశారు. డ్రమ్ మెషీన్‌లోకి దరువులు ఎక్కించే పని ఈయనది. మూడో పాటలో ఎనిమిదో దెబ్బ తప్పుగా ఎక్కించారు. రికార్డులు అంగళ్ళకు చేరాకగాని చూసుకోలేదు. ఎవరూ ఏమీ అనకముందే సిగ్గుతో పని మానేశారు. అమెరికా వచ్చి శాన్ హోజేలో ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఆల్బమ్ మళ్ళీ వినలేదు.

మధ్యాహ్నం కృష్ణకుమారికి కూతురు నైనిక ఫోన్ చేసింది. వారమంతా కోడ్ రాసి, సెలవురోజుల్లో కంప్యూటర్‌లో పాటలు కట్టుకునే పిల్ల. నిన్న కార్లో అమ్మ పరధ్యానంగా వేళ్ళతో కొట్టిన బీట్ ఎక్కడిదని అడిగింది. కృష్ణకుమారి సంగతంతా చెప్పింది.

"అమ్మా, అది మిస్టేక్ అని ఎవరికీ తెలీదు. ఆ లేట్ బీట్ కోసమే మ్యూజిక్ చేసేవాళ్ళం అందరం ఆ ఆల్బమ్ వింటాం. కాపీ చేస్తాం. నా సాంగ్స్‌లో కూడా ఉంది. ఆయనకి ఎవరూ చెప్పలేదా?"

"ఎవరున్నారే ఆయనకి చెప్పడానికి? నువ్వొచ్చి చెప్పు."

నాలుగింటికి లాప్‌టాప్ తీసుకుని వస్తానంది నైనిక.

కృష్ణకుమారి గబగబా గదిలోకి వెళ్ళింది. ఆయన సూప్ సగం తాగి అలసిపోయి ఉన్నారు. మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. తనకొచ్చిన ఇంగ్లీషు మందులకీ స్నానానికీ సరిపోతుంది. ఇంత మాటను పొడిపొడిగా చెప్పి పాడుచేయడమెందుకు, పాటలు వినిపిస్తూ పిల్ల చెబితేనే నిండుగా ఉంటుంది అనుకుంది. నాలుగింటికి మా అమ్మాయి వచ్చి మీకో మంచి కబురు చెబుతుందని మాత్రం అంది. ఆయన నున్నటి గడ్డం తడుముకుని, అయితే ఇవాళ గీయించుకోవడం మంచిదే అయిందన్నారు. నోరు ఒకవైపే నవ్వింది. కిటికీ తెర దించి, ఆయన చెవి మిషన్ తీసి పెట్టి, దుప్పటి కప్పి వచ్చేసింది.

మూడింటికి ఒత్తిగిలబెట్టడానికి వెళ్ళేసరికి కమ్మీ మీద చేయి కదలడం లేదు. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంచింది. తరువాత నర్సును పిలిచింది. నర్సు టైము రాసుకుంది.

నాలుగింటికి నైనిక గుమ్మంలో ఆగిపోయింది. ఇక్కడ పందొమ్మిది మందిని సాగనంపిన కృష్ణకుమారి ఏనాడూ రోగి మంచం మీద కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుని ఉంది.

"రెండు ముక్కలే. రెండు ముక్కలు చెప్పలేకపోయానే," అంది.

నైనిక లాప్‌టాప్ తెరవకుండానే పక్కన కూర్చుని తల్లి వీపు మీద చేయి వేసింది.

చీకటి పడకముందే మంచం ఖాళీ చేశారు. దుప్పట్లు మడిచి, బల్ల తుడవబోయిన కృష్ణకుమారికి మందుల కప్పులో ఆయన చెవి మిషన్ కనిపించింది. నిద్రకు ముందు తనే తీసి పెట్టింది, ఆపడం మరిచిపోయింది. గుప్పిట్లోకి తీసుకోగానే అది సన్నగా కూత పెట్టింది.