మస్టర్‌లో లేని పేరు

నేను ఒక సెల్‌ఫోన్‌ను. మనుషులంటే నాకు గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా దగ్గర మీరు మర్యాద ఆశించరు.

చెన్నై పక్కన ఒక కర్మాగారంలో, తల ఎత్తకుండా పనిచేసే అమ్మాయిల చేతుల్లో తయారయ్యాను. మొదట నన్ను కొన్న నర్సు రోజుకు నలభైసార్లు నాలో తన మొహం చూసుకుని మురిసిపోయి, కొత్త ఫోను రాగానే నన్ను అమ్మి పారేసింది. అప్పుడే గోదావరిఖనిలో బొగ్గు బావుల నుంచి రిటైరైనవాళ్ల సంఘం, ఒంటరిగా బతికే సభ్యులకు పాత ఫోన్లు పంచింది. అలా గట్టు ఓదెలు పాలబడ్డాను.

ఓదెలుకు డెబ్బై రెండేళ్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. ముప్పై ఏళ్లు బావి దగ్గర దీపాల గదిలో పనిచేశాడు. బావిలోకి దిగేవాడు తన నంబరున్న బిల్ల ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకోవాలి. గోడకు తగిలించిన బిల్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అది తేలేదాకా ఓదెలు ఇంటికి కదిలేవాడు కాదట.

ఆ అలవాటుతోనే సంఘంవాళ్లు సాయంత్రం ఐదింటికి వీడియోలో మస్టర్, అంటే హాజరు, పెట్టారు. పదకొండు మంది ముసలివాళ్లు. సంఘం పెద్ద సమ్మయ్య ఒక్కొక్కరి పేరు పిలుస్తాడు, పిలిచినప్పుడు "ఎక్కిన" అనాలి, అంటే బావిలోంచి పైకొచ్చానని, ఇవాళ్టికి బతికే ఉన్నానని. పలకనివాడి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. సగం మంది మొహాలకు బదులు ముక్కు రంధ్రాలు చూపించేవారు. అయినా నాలుగున్నరకే తలలు దువ్వుకుని కూర్చునేవారు. ఆ ఆత్రం చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా ఓదెలు తల దువ్వుకునేది తిట్టడానికి. ఎప్పుడో పాత సమ్మెలో అందరూ పస్తులుంటే, ఇప్పుడు ఇదే గుంపులో ఉన్న దుర్గం పోశం పనిలోకి దిగాడు. బిడ్డకు జబ్బు చేసిందని పోశం ఎన్నిసార్లు చెప్పుకున్నా ఓదెలు వినలేదు. పోశం మొహం కనపడితే చాలు, "సమ్మె దొంగ" అని అందుకునేవాడు. నా మీదంతా ఉమ్మి. రోజు మొత్తంలో అతను మనిషితో మాట్లాడే మాటలు అవే.

మిగిలినవాళ్లు విసిగిపోయారు. ఒకరోజు సమ్మయ్య ఓదెలును గుంపులోంచి తీసేశాడు. ఆ కోపం అతను నా మీద చూపించాడు. గోడకేసి కొడితే మంచం కింద పడ్డాను. తెర పగిలింది, గొంతు పోయింది, చూపూ వినికిడీ మాత్రం మిగిలాయి.

మూడోనాడు పొద్దున అతను కాలుజారి పడ్డాడు. తుంటి విరిగింది. పాక్కుంటూ వచ్చి, మంచం కింద నుంచి నన్ను లాగి, నొక్కి నొక్కి బతిమాలాడు. నేను పలకలేదు. పలకగలిగినా పలికేదాన్ని కాదేమో. సాయంత్రమైంది. అక్కడ పేర్లు పిలుస్తుంటారు. ఇతని పేరే లేనప్పుడు, పలకలేదని ఎవరికి తెలుస్తుంది? ఓదెలు గోడ వైపు తిరిగి, "నేను ఎక్కలే" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు నచ్చలేదు. తిట్లే నయమనిపించింది.

ఆరు దాటాక ఎవరో తలుపు బాదారు. పిలిచారు. చివరికి గడియ ఊడగొట్టుకుని లోపలికి వచ్చింది పోశం.

"గుంపుల నుంచి తీసేస్తే ఇంటికొచ్చి తిడుతవనుకున్న. మూడు రోజులాయె, రాకపోతివి. నీ బిల్ల మిగిలిందని వచ్చిన" అన్నాడు.

ఓదెలు మూలుగుతూనే పాత తిట్టు ఒకటి తిట్టాడు. పోశం అది పూర్తయ్యేదాకా ఆగి, ఆటో కోసం బయటికి పరుగెత్తాడు.

ఇప్పుడు నేను, ఇక బాగుకానని తేలి, చౌరస్తాలో రిపేరు దుకాణంవాడి చెత్త డబ్బాలో ఉన్నాను. తుంటి అతుక్కున్నాక, మొన్న ఓదెలు చేతికర్రతో వచ్చి ఇంకో ఫోను కొన్నాడు. పోశం బయట ఆటోలో కూర్చున్నాడు. ముందు ఎవరి నంబరు ఎక్కించాలని దుకాణంవాడు అడిగితే పోశందే ఇచ్చాడు. ఏ పేరుతో అని అడిగాడు.

"సమ్మె దొంగ అని రాయి. అందరికన్న మీద పెట్టు."

వెళ్తూ వెళ్తూ డబ్బాలో నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. ఒక్క తిట్టయినా తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.