బతికున్న షార్షెన్‌కు ఏడుపు పాట

ఆ ఆగస్టులో బట్మకాన్ ఎజే భర్త షార్షెన్ అయిదుసార్లు చనిపోయాడు. దర్శకులు అయిదుగురు మరి. ఫ్రాన్స్, పోర్చుగల్, పోలెండ్, కొరియాల నుంచి ఒక్కొక్కరు, మా రాజధాని బిష్కెక్ నుంచి అడిలెట్. అందరూ కలిసి ఒకే సినిమా తీయడానికి మా కొచ్కోర్ లోయకు వచ్చారు. భర్త పోయిన ఆడమనిషి ఒక్క రోజు కథ అది. ఆ రోజును అయిదు ముక్కలు చేసి తలా ఒకటి తీసుకున్నారు.

ఆ ఆడమనిషి వేషానికి బట్మకాన్ ఎజేని ఎంచుకున్నారు. ఆమె ముప్ఫయ్యేళ్ళు మా ఊళ్ళో ఉత్తరాలు పంచింది. ఊరందరికీ ఎజేయే, అంటే అక్కే. బడిలో ఇంగ్లీషు చెప్పే నన్ను, మాటలు అటూ ఇటూ మార్చి చెప్పడానికి పిలిచారు.

సినిమాలో పోయిన భర్తకు ముఖం లేదు. కానీ ఊళ్ళో అందరికీ ఆ పోయినవాడు షార్షెనే. అతను రోజూ కెమెరా వెనక బకెట్ బోర్లించుకుని కూర్చుని తన చావు చూసేవాడు.

"పొద్దున ఆ పోలెండాయన, నేను పోయాక నువ్వు టీ తాగావన్నాడు. మధ్యాహ్నం కొరియా అమ్మాయి, గుక్క కూడా దిగదంది. ఇంతకీ తాగుతావా, తాగవా?" అని అడిగాడు ఒకరోజు.

"తాగుతాను. నీకు కాచే పని తప్పుతుందిగా, తీరిగ్గా తాగుతాను," అంది ఎజే.

అంతవరకూ బాగానే నడిచింది. ఒక్క ఘట్టం మాత్రం అయిదుగురూ కలిసి తీయాలని ఒప్పందంలో రాసుకున్నారు. అది భార్య పాడే ఏడుపు పాట. ఎజే అక్కడ మొండికేసింది.

"బతికున్న మొగుడి మీద ఏడుపు పాట నేను పాడను. కావాలంటే మొగుడు పోయినదాన్ని తెచ్చుకోండి."

దర్శకులు రెండు రోజులు సమావేశమయ్యారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన బెర్నార్ సంప్రదాయాన్ని గౌరవించాలన్నాడు, పాట మాత్రం ఉండి తీరాలన్నాడు. అడిలెట్ మిగతావాళ్ళకు మా జాతి ఆత్మ గురించి గంటసేపు రష్యన్‌లో చెప్పాడు. అతను మాస్కోలో చదువుకున్నాడు. మా భాషలో రొట్టె అడగగలడు, కృతజ్ఞతలు చెప్పగలడు. అక్కడితో సరి.

రెండో తగాదా ముఖం గురించి. మా ఆడవాళ్ళు గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని ఏడుస్తారు. ముఖం కనపడకపోతే ప్రేక్షకుడికి ఏం అర్థమవుతుందని బెర్నార్ అడిగాడు. నేను ఆ మాట ఎజేకి చెప్పాను.

"అర్థం కాకూడదనేగా తిరిగి కూర్చునేది," అంది ఆమె.

చివరికి చిక్కుముడి విప్పింది పోయినవాడే.

"పాడు బైబిచే," అన్నాడు షార్షెన్. ముసలి భార్యను మర్యాదగా పిలవాలంటే మాకు అదే మాట. అతని నోట అది వచ్చి ఏళ్ళయింది. "నేను పోయాక ఏం పాడినా నాకు వినపడుతుందా? ఇప్పుడే వినేస్తాను. గోడవైపు తిరిగే పాడు."

ఎజే అతని వైపు తిరిగింది. "విన్నాక నన్ననకూడదు," అంది.

మరునాడు పొద్దున నల్ల శాలువా కప్పుకుని గుడారంలో కూర్చుంది. నేను కూడా చుట్టాల వేషంలో పక్కనే గోడకు తిరిగి కూర్చున్నాను. మా వీపుల వెనక మూడు కెమెరాలు, అయిదుగురు దర్శకులు. గుడారం బయట బకెట్ మీద షార్షెన్.

ఎజే గొంతెత్తింది. రాగం అసలైన ఏడుపు రాగమే. గుండె పిండేసేలా ఉంది. మాటలు మాత్రం ఇవి:

"ఎక్కిన గుర్రం దిగనివాడా,
దిగినా పని ముట్టనివాడా,
మా అన్న ఇచ్చిన రేడియోని
బాగుచేస్తానని చంపినవాడా..."

నేను పెదవి కొరుక్కున్నాను. ఎజే భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. నవ్వాపుకోలేక, శాలువా అంచు నోట్లో కుక్కుకుని, మళ్ళీ ఎత్తుకుంటోంది. అమ్మేసిన ఆవు వచ్చింది, పెళ్ళిలో తాగి పడిన కాలువ వచ్చింది. వెనక ఎవరో ముక్కు చీదారు. ఓరగా చూస్తే బెర్నార్.

"ఏమంటోంది?" అని కొరియా అమ్మాయి వెనకనుంచి గుసగుసగా అడిగింది.

"నా కొండ కూలింది, నా డేగ ఎగిరిపోయింది అంటోంది," అన్నాను.

"అవును, అచ్చం అదే," అని అడిలెట్ తలూపాడు.

ఆపమని ఎవరూ అనలేదు. పాట సాగింది.

"మెడదాకా మంచు పడిన ఏడు,
కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే,
బండి మీద నన్ను పడుకోబెట్టి,
గుర్రం కూలితే తానే గుర్రమైనవాడా..."

భుజాలు అలాగే ఎగిరిపడుతున్నాయి. కానీ ఇప్పుడు శాలువా నోట్లో లేదు, కళ్ళ మీద ఉంది. ఆ తేడా గోడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

బయటికొచ్చేసరికి బకెట్ ఖాళీగా ఉంది. షార్షెన్ గుర్రాన్ని తోలుకుని ఏటివైపు వెళ్ళాడు. అన్నం వేళకు కూడా రాలేదు. సాయంత్రం వచ్చి, ఎజే ముందు కూర్చున్నాడు.

"రేడియో సంగతి ఊరందరి ముందూ ఎత్తాలా?"

"బండి సంగతి కూడా ఎత్తాను."

"అది నాకు వినపడలేదు. గాలి," అని కప్పు చాపాడు. ఆమె టీ పోసింది.

సినిమాకు ఎక్కడో పెద్ద బహుమతి వచ్చింది. అయిదుగురు తీసినా ఒకే చేయి తీసినట్టుందని పత్రికలు రాశాయి. ముఖం చూపించకూడదని పట్టుబట్టింది తానేనని అయిదుగురూ వేరువేరుగా చెప్పారు. తెర కింద పడే మాటలు నన్నే రాయమన్నారు. కొండనూ డేగనూ అలాగే ఉంచాను. బండి దగ్గర మాత్రం ఆమె పాడిందే రాశాను.

వసంతంలో మా సాంస్కృతిక భవనంలో సినిమా వేశారు. బెర్నార్ కూడా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా ముందు వరసలో ఎజే, పక్కన షార్షెన్. వచ్చినవాళ్ళంతా అతని చేయి పట్టుకుని, నీ చావు చాలా బాగుందట అని పలకరించారు. పాట మొదలవగానే భవనం దద్దరిల్లిపోయేలా నవ్వారు. మంచు మాట వచ్చాక ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

సినిమా అయిపోయి లైట్లు వెలిగేసరికి బెర్నార్ పాలిపోయి ఉన్నాడు. "ఎందుకు నవ్వారు?" అని అడిగాడు.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. కానీ అంత దూరం నుంచి వచ్చినవాడు. "పోయినవాణ్ణి గౌరవించేటప్పుడు మావాళ్ళు ముందు నవ్వుతారు," అన్నాను.

అతను వెంటనే చిన్న పుస్తకం తీసి రాసుకోసాగాడు.

ఎజే వెనక్కి తిరిగి చూసింది. "ఏం రాస్తున్నాడే?"

"మన గురించే."

"రాసుకోనీ," అంది. "మెల్లగా రాసుకోమను, లైట్లు అప్పుడే ఆర్పరులే."