భావనారాయణ సెలక్షన్

మంగళగిరి మెయిన్ బజార్లో భావనారాయణకు చీరల షాపు ఉంది. చీరలు అమ్మడం ఆయన వృత్తి. ఊరివాళ్ళకు వస్తువులు కొనిపెట్టడం ఆయన సేవ. ఆ వీధిలో ఎవరింట్లో గ్రైండరు తిరుగుతున్నా, కూలరు మోగుతున్నా, బోరు మోటారు నీళ్ళు పోస్తున్నా, అది ఆయన వెళ్ళి చూసి, బేరమాడి, ఆటో ఎక్కించిన వస్తువే. పక్కింటి పుల్లయ్యగారు అల్లుణ్ణి చూడ్డానికి వెళ్తూ కూడా ఆయన్ని వెంటబెట్టుకెళ్ళారు. ఆ అల్లుడు ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాడు.

ఆయనకో పద్ధతి ఉంది. మొదట చూపించిన వస్తువు కొనకూడదు. దేన్నైనా తిరగేసి చూడాలి, ఎందుకంటే ముందువైపు అందరూ బాగానే చేస్తారు. షాపులో లైట్లను నమ్మకూడదు, వస్తువును గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూడాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, వస్తువు మనకు నచ్చినట్టు షాపువాడికి తెలియకూడదు. నచ్చినదాన్ని మొహం చిట్లించి పక్కకు తోసేయాలి. నచ్చనిదాన్ని ఒళ్ళో పెట్టుకుని పొగడాలి. ముప్పయ్యేళ్ళుగా గల్లాపెట్టె వెనక కూచుని, ఆడవాళ్ళు తన చీరల్ని అలా తోసేయడం చూసి చూసి నేర్చుకున్న విద్య ఇది.

కూతురు ధనశ్రీకి ఈ విద్య చిన్నప్పుడే నేర్పాడు. ఆ పిల్ల ఒకసారి బీసెంట్ రోడ్డులో ఎర్ర గౌను చూసి అదే కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు విన్న తర్వాత షాపువాడు ధర ఇంక దించలేదు. ఇంటికొచ్చాక భావనారాయణ కూతుర్ని ఎదురుగా కూచోబెట్టుకుని లోకం తీరు వివరించాడు. అప్పట్నుంచి ధనశ్రీ బజార్లో ఏదీ బాగుందని అనలేదు. ఐస్‌క్రీమ్ బండి ముందు నిలబడి కూడా "నాకేం వద్దులే" అనేది. నిజమే కాబోలని ఎవరన్నా కొనకపోతే ఇంటికొచ్చి ఏడ్చేది.

ఆ ధనశ్రీ ఇప్పుడు విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది. పగలంతా జీఎస్టీ. ఇంటికొస్తే లాప్‌టాప్ ముందేసుకుని పాటలు కలపడం. ఒక పాట అయిపోతుండగా ఇంకో పాట దాని కింద నుంచి ఎప్పుడొచ్చిందో తెలియకుండా రావాలట. మిక్సీలో పచ్చడి చేసినంత సేపు కూడా పట్టని పనికి ఇన్ని నెలలు ఎందుకో తల్లి మల్లీశ్వరికి అర్థం కాలేదు. ఒక ఆదివారం అన్నం తింటూ ధనశ్రీ అసలు విషయం చెప్పింది. ఆఫీసులో తన స్నేహితురాలు స్టెల్లా పెళ్ళి వచ్చే నెలలో. పామర్రులో రిసెప్షన్‌కి డీజే తనే.

డీజే అనగానే భార్యాభర్తలిద్దరికీ కళ్ళముందు ట్రాక్టరు కనిపించింది. దాని ట్రక్కు నిండా బాక్సులు, చుట్టూ రంగులు పూసుకున్న మగపిల్లలు. ఆ బాక్సుల మీద ఆడపిల్ల ఎక్కడ కూచుంటుందని మల్లీశ్వరి అడిగింది. ట్రాక్టరు లేదనీ, బాక్సులు ఫంక్షన్ హాల్లోనే ఉంటాయనీ, తనకు కావాల్సింది అట్లపెనాలు రెండు పక్కపక్కన పెట్టినంత వస్తువనీ ధనశ్రీ ఓపిగ్గా చెప్పింది. దాన్ని కంట్రోలర్ అంటారట. దానిమీద రెండు పళ్ళేలుంటాయి, ఒక్కో పళ్ళెం ఒక్కో పాటను తిప్పుతుంది. దాన్ని లాప్‌టాప్‌కి తగిలించుకోవాలి. చెవులకు హెడ్‌ఫోన్స్. అంతే. చెయ్యి అలవాటు కావాలంటే అది ఈ వారంలోనే రావాలి కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టేస్తానంది.

భావనారాయణ ఆ పూట పెరుగన్నం తినలేదు. ఆ ఇంట్లోకి చీపురు కూడా ఆయన చెయ్యి పడకుండా రాలేదు. అలాంటిది సొంత కూతురు మొట్టమొదటిసారి తనకంటూ ఒక వస్తువు కొనుక్కుంటూ, దాన్ని తిరగేసైనా చూడకుండా బటన్ నొక్కి తెప్పించుకుంటానంటోంది. కన్నకూతురికే అక్కర్లేని సెలక్షన్ ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఎందుకు? ఆయన వెళ్ళి ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు. ఆ ఫ్యాను కూడా తను కొన్నదే.

"మీ నాన్నని తీసుకుని షాపుకే పోవే," అని మల్లీశ్వరి వంటింట్లో కూతురికి చెప్పింది. "లేకపోతే ఈ మొహం నేను చూడలేను."

అలా శనివారం తండ్రీకూతుళ్ళు విజయవాడ బస్సెక్కారు. వారధి దాటేదాకా భావనారాయణ తన సూత్రాలన్నీ మళ్ళీ ఒకసారి చెప్పాడు. ప్రతి సూత్రానికీ ధనశ్రీ తలూపింది. ఆ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయనీ, తల ఊగుతోంది పాటకనీ ఆయన గమనించలేదు.

గవర్నర్‌పేట సందులో హోసన్నా సౌండ్స్ అనే షాపు. ఓనరు జోయెల్ది గుణదల. నెమ్మదైన మనిషి. చర్చిలకు, ఫంక్షన్ హాళ్ళకు సౌండ్ సామాన్లు అమ్ముతాడు. ధనశ్రీ ఏం కావాలో చెప్పగానే ఒక చిన్న నల్ల వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది చాలండి, పెద్దది కొంటే సగం బటన్లు ఎందుకున్నాయో తెలియక భయమేస్తుంది అన్నాడు.

ధనశ్రీ పళ్ళెం మీద వేలు పెట్టి మెల్లిగా తిప్పింది. మొహం వెలిగిపోయింది.

"ఇదేనండీ నాకు కావాల్సింది. నాలుగు నెలల్నించీ దీన్నే చూస్తున్నా."

భావనారాయణ గుండె ఉప్పొంగింది. షాపువాడి మొహం మీదే ఇంత పొగడ్త. అంటే ఇది నచ్చలేదన్నమాట. మరి నచ్చిందేది? ఆయన చుట్టూ చూశాడు. పక్క బల్ల మీద ఇంకొకటి ఉంది. ఇంటి గుమ్మానికి అడ్డంగా పెడితే సరిపోయేంత పొడుగు. వరసలు వరసలుగా మీటలు, రంగురంగుల లైట్లు. ఎత్తి చూశాడు. రుబ్బురోలంత బరువు. బరువుందంటే లోపల సరుకుందన్నమాట.

"మరి ఇది?" అన్నాడు ఏమీ ఎరగనట్టు.

"ఛీ, అది నాకెందుకు నాన్నా. అది చర్చిల్లో మైకులు పెట్టుకునేవాళ్ళకి."

ఆ ఛీ విని ఆయన మనసులోనే చేతులు జోడించాడు. మల్లీశ్వరి ఇన్నేళ్ళ కాపురంలో పట్టుచీరల ముందు అన్న ఏ ఛీ కూడా దీనికి సాటిరాదు.

ఇక మిగిలింది బేరం. బేరమప్పుడు వస్తువు నచ్చిన మనిషి షాపులో ఉండకూడదనేది ఇంకో సూత్రం. కూతుర్ని నిమ్మసోడా తాగి రమ్మని పంపేశాడు. కావాల్సిందేదో వేలుపెట్టి చూపించాను కదా అనే ధీమాతో ధనశ్రీ వెళ్ళింది.

ఆ తర్వాత జరిగినదానికి జోయెల్‌ని తప్పుపట్టలేం. ఇది మిక్సర్ అండి, దీనికి పళ్ళేలుండవు, దీంతో పాటలు తిప్పడం కుదరదు అని అతను చెప్తూనే ఉన్నాడు. మంచి సరుకును తక్కువకు వదులుకోవడం ఇష్టంలేని ఏ వ్యాపారైనా ఇలాగే మాట్లాడతాడని భావనారాయణకు తెలుసు. పోనీ అమ్మాయిగార్ని ఒకసారి అడగండి అన్నాడు జోయెల్. తను చీరను తక్కువకు అమ్మదలుచుకోనప్పుడు వాడే మాట కూడా అదే. మిక్సర్‌ని గుమ్మంలోకి మోయించి ఎండలో చూశాడు, తిరగేశాడు, దీన్ని ఎవడు కొంటాడయ్యా అని తిట్టాడు. తిట్టి తిట్టి కొన్నాడు. ధనశ్రీ వచ్చేసరికి అట్టపెట్టెకు తాడు కట్టేసి ఉంది, జోయెల్ ఇంకో బేరంలో ఉన్నాడు. పెట్టె ఇంత పెద్దదేంటని అడిగితే, సరుకు దెబ్బతినకుండా లోపల అట్టలు కూరతారులే అన్నాడు భావనారాయణ.

ఇంట్లో మల్లీశ్వరి పెట్టె తెరిపించి వస్తువుకు పసుపు రాసి, నాలుగు మూలలా కుంకుమబొట్లు పెట్టింది. దుమ్ము పడకుండా షాపులో మిగిలిన నిజాం అంచు గుడ్డతో కవరు కుట్టడానికి కొలత కూడా తీసుకుంది. ఆ ఇంట్లో టీవీ రిమోట్‌కే రెండు కవర్లున్నాయి. ధనశ్రీ నిలబడి చూస్తోంది. ఆ చూపు ఆనందంలాగే కనిపించింది భావనారాయణకు.

"నాన్నా, ఇదేంటి?"

"నువ్వు మెచ్చిందే."

"నేను ఛీ అన్నాను కదా."

"అదే కదమ్మా."

"నాకు నచ్చలేదు కాబట్టి నచ్చలేదన్నాను."

భావనారాయణ నమ్మలేనట్టు చూశాడు. "షాపులోనా?"

ధనశ్రీ కోప్పడలేదు. మిక్సర్ మీద ఒక మీటను పైకీ కిందకీ జరిపి చూసింది. పళ్ళేలు లేనిదే తన పని జరగదని చెప్పింది. ఇంకో డీజేని చూసుకొమ్మని స్టెల్లాకి రేపు ఫోన్ చేస్తానంది.

"పర్లేదులే నాన్నా. నాకేం అంత ఇది లేదులే."

ఆ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర, సరిగ్గా ఇదే గొంతుతో. స్టెల్లాకి ఫోను సోమవారం సాయంత్రం దాకా చెయ్యొద్దని మాత్రం చెప్పగలిగాడు.

సోమవారం షాపు మల్లీశ్వరికి అప్పజెప్పి, పెట్టె మోసుకుంటూ ఒక్కడే హోసన్నా సౌండ్స్‌కి వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. జోయెల్ తలమీద బోర్డుంది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మొన్న ఇది కనపడలేదు. అదే బోర్డు ఆయన షాపులోనూ ఉంది, ఎర్ర పెయింటుతో. కూతురి నిశ్చితార్థం తప్పిపోయిందని ఏడుస్తూ చీర తెచ్చిన ఆవిడకు కూడా ఆయన ఆ బోర్డే చూపించాడు.

"జోయెల్‌గారూ, మా షాపులో అయితే నేను తీసుకోను," అన్నాడు ముందుగానే. ఆ విషయంలో ఆయన నిజాయితీపరుడు.

జోయెల్ నవ్వాడు. గుణదలలో ఒక చర్చివాళ్ళు ఇట్లాంటి మిక్సరే అడుగుతున్నారనీ, వాడకుండా ఉంటే మార్చి ఇస్తాననీ అన్నాడు. పెట్టె తెరిచాడు. నాలుగు మూలలా పసుపు, కుంకుమ.

"వాడలేదండీ," అన్నాడు భావనారాయణ. "బొట్టు మాత్రం పెట్టాం."

ఇద్దరూ కలిసి తడిగుడ్డతో తుడిచారు. మూడు మూలలు పోయాయి. నాలుగో మూల ఎరుపు కొంచెం నిలిచిపోయింది. పర్లేదండీ, క్వయర్‌లో పాడే పిల్లలు లైటు అనుకుంటారు అన్నాడు జోయెల్.

తుడుస్తూ తుడుస్తూ భావనారాయణ చాలారోజులుగా అడగాలనుకున్నది అడిగాడు. పాట అందరికీ వినిపించాలి కదా, మరి ఆ పిల్ల ఒక్కతే చెవులకు తగిలించుకుని వినేదేంటి? జోయెల్ చెప్పకుండా హెడ్‌ఫోన్స్ ఆయన తలకు తగిలించాడు, ఒక చెవికే. షాపులో బాక్సులో ఒక పాట మోగుతోంది. చెవిలో ఇంకో పాట. జోయెల్ పళ్ళేన్ని అటూ ఇటూ కదిపి చెవిలో పాట నడకను బయట పాట నడకతో కలిపాడు. రెండూ ఒకటిగా నడుస్తున్నాక, మీట మెల్లిగా జరిపి చెవిలోదాన్ని బయటికి వదిలాడు.

"జనానికి వినిపించబోయేముందు తను విని సరిచూసుకోడానికండీ."

భావనారాయణకు తన పద్ధతే గుర్తొచ్చింది. గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూడటం. కూతురు నెలల తరబడి లాప్‌టాప్ ముందు కూచుని చేసింది ఇదన్నమాట. ఇంకో రెండు పాటలు అలాగే కూచుని విన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. చెప్పబోయే మాట ఏ షాపులోనూ ఎన్నడూ నోటినుంచి రాలేదు.

"ఈ చిన్నది చాలా బాగుందండీ. ఇదే కావాలి."

జోయెల్ అర్థమైందన్నట్టు తలూపాడు. చిన్న కంట్రోలర్‌ని తీసి పక్కన పెట్టేసి, స్టూలెక్కి పై అరలోంచి ఇంకేదో పెద్ద పెట్టె దించడం మొదలుపెట్టాడు. మొన్నటి పాఠం అతనికీ బాగానే వంటబట్టింది.

"అది కాదండీ," అన్నాడు భావనారాయణ. "ఈసారి నిజంగానే బాగుందన్నాను."

జోయెల్ స్టూలు మీదే ఆగి ఆయన మొహంలోకి చూశాడు. "నిజంగానా అండీ?"

"నిజంగా. బేరం కూడా లేదు."

ఆ మాటకు జోయెల్ కంగారుపడ్డాడు. ఈయనకు ఒంట్లో బాగోలేదేమో అనుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు, ఎవరూ అడక్కుండానే తగ్గించాడు, హెడ్‌ఫోన్స్‌కి ఒక సంచీ కూడా ఊరికే ఇచ్చాడు. ఇన్నేళ్ళ అనుభవంలో ఇంత సుళువుగా కుదిరిన బేరం ఇంకోటి లేదు. ఈ రహస్యం ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని భావనారాయణ బస్సులోనే నిర్ణయించుకున్నాడు.

పామర్రులో ఫంక్షన్ హాలు కిటకిటలాడుతోంది. మల్లీశ్వరి పెద్ద మిక్సర్ కొలతకు కుట్టేసిన కవరును విప్పడం ఇష్టంలేక రెండు మడతలు పెట్టి పంపింది. నిజాం అంచు బయటికి కనిపించేలా దాన్ని బల్లమీద పరిచి, దానిమీద కంట్రోలర్ పెట్టుకుంది ధనశ్రీ. ఒక చెవికి హెడ్‌ఫోన్, ఒక చెయ్యి పళ్ళెం మీద. పాటలో నుంచి పాట వస్తోంది. ఎక్కడ మారిందో భావనారాయణకు కూడా తెలియడం లేదు, అదీ చెవులు రిక్కించి వింటున్నా. స్టెల్లా, పెళ్ళికొడుకు, కుర్చీల్లో ఉండాల్సిన పెద్దవాళ్ళు, అందరూ హాలు మధ్యలో గెంతుతున్నారు.

స్టెల్లా పెదనాన్న శౌరయ్య చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీ అమ్మాయంటగా. అదరగొడుతోందండీ."

భావనారాయణ మొహం చిట్లించాడు. చేత్తో గాలిని పక్కకు తోశాడు. "ఏముందండీ. మామూలే. అంత గొప్పగా ఏం లేదు."

కన్నతండ్రే ఇలా అంటున్నాడేంటని శౌరయ్యకు బాధేసింది. అలా అనకండి, పిల్ల కష్టపడుతోంది అని నచ్చచెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడే స్టేజీ మీంచి ధనశ్రీ ఇటు చూసింది. అంత గోలలో మాట వినపడే అవకాశం లేదు. ఆ చెయ్యి తోసేయడం మాత్రం కనపడే ఉంటుంది. ఆ పిల్ల తండ్రినీ, ఆయన చొక్కానూ, ఆయన నిలబడ్డ తీరునూ పైనుంచి కింది దాకా చూసి, ముక్కు దగ్గర్నుంచి నుదురు దాకా మొహం చిట్లించి, తల పక్కకు తిప్పేసుకుంది.

అంత బాగా మొహం చిట్లించడం ఆయన ఏ చీర ముందూ చూడలేదు.