మంగవ్వ సైకిల్ ఎట్ల పడ్డది

నర్సింహులు ఎల్లారెడ్డి బస్సు దిగి కామారెడ్డిలో బామ్మర్ది ఇంటికి వచ్చేసరికి కూతురు ప్రణీత ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. మెడికల్ కోడింగ్ నేర్చుకోవడానికని పిల్లను ఇక్కడే ఉంచాడు. తెచ్చిన బియ్యం సంచి దించి పక్కనే కూలబడ్డాడు.

"ఇదేం పని బిడ్డా?"

"అమెరికా దవాఖాన్లల్ల డాక్టర్లు రాసింది చదివి కోడ్ వెయ్యాలె బాపు. ఎముక విరిగితే ఒక కోడ్. ఎట్ల విరిగిందో దానికి ఇంకోటి. ఇయ్యాల సైకిల్ ప్రమాదాలు. తనంతట తను పడితే వీ పద్దెనిమిది. ఆటో గుద్దితే వీ పన్నెండు."

"మీ అమ్మకు పద్దెనిమిది ఎయ్యి. నలభై ఏండ్లకు సైకిల్ నేర్సుకున్నందుకు."

ఈ మాట ప్రణీతకు కొత్త కాదు. పోయిన వానకాలం తల్లి మంగవ్వ కూతురి బడి సైకిలెక్కి చేనికి పోతూ రోడ్డు మీద పడింది. తలకు దెబ్బ తగిలి చనిపోయింది. ఊరంతా ఆమె సోకును తిట్టింది. అందరికంటే ఎక్కువ నర్సింహులే తిట్టాడు. ఫొటోకు వేసిన దండ ఎండిపోయినా మార్చలేదు.

లోపలి నుంచి సంతోష్ చాయ్ తెచ్చాడు. మంగవ్వ తమ్ముడు, ఆటో నడుపుతాడు. ఆ రోజు ఆమెను దవాఖానకు తెచ్చింది అతనే. దారిన పోతూ చూసి తెచ్చాడని అందరూ అనుకున్నారు.

"మామా, అమ్మకు ఎదురుంగ ఏదన్న వచ్చిందా? మా కోడింగ్ సారు గదే ముందుగల అడగాలంటడు," అంది ప్రణీత.

"ఎదురుంగ ఏం రాలే. హారన్ కొట్టిన, పక్కకు జరగలే. గంతే."

నర్సింహులు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎవలు కొట్టిండ్రు హారన్?"

సంతోష్ గోడకేసి చూశాడు.

"వానకు బ్రేక్ పడలే బావా. ఆటో జర తాకింది."

"మరి పడ్డదని ఎందుకు చెప్పినవురా?"

"నేనెక్కడ చెప్పిన? డాక్టర్ అడిగితే నువ్వే చెప్పినవు. నేను ఊకున్న."

నర్సింహులుకు ఆనాటి దవాఖాన గుర్తొచ్చింది. నిజమే. 'ఏదన్నా బండి గుద్దిందా' అని డాక్టర్ అడగగానే 'లేదు సారూ, పడ్డది' అన్నాడు తను. గుద్దిందంటే పోలీసులు వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరని భయం. పల్లెలో ఎవరైనా అదే చెబుతారు. ఏం జరిగిందని మాత్రం తను ఎవరినీ అడగలేదు. ఆనాడు నోటికొచ్చిన మాటనే ఇన్నాళ్లూ నమ్మి, చచ్చిన మనిషిని తిడుతూ కూర్చున్నాడు.

నర్సింహులు కూతురి వైపు తిరిగాడు.

"బట్టలు సదురుకో బిడ్డా. ఈ ఇంట్ల నీళ్లు గూడ తాగకు."

"పోరి చదువు ఆగుతది బావా," అన్నాడు సంతోష్.

"ఆగనీ."

"గిప్పుడు చెప్తే అక్క వాపస్ వస్తదా?"

"రాదు. నేను తిట్టిన తిట్లు గూడ వాపస్ రావు. ఎల్లారెడ్డి ఠాణాకు పోదాం పద బిడ్డా. ఆనాడు పడ్డదని చెప్పిన నోటితోనే ఆటో గుద్దిందని చెప్త."

చాయ్ ముట్టకుండా కింద పెట్టాడు. బియ్యం సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు.